బరంపురం సందుల్లో తెల్లకర్రతో నడక: కాలవ పలక నుంచి నాలుగు రోడ్ల దాకా

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, రాయగడ నుంచి నాకు ఫోన్ చేసే చూపు లేనివాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "కర్ర ఇచ్చారండీ, ఎలా వాడాలో ఎవరూ చెప్పలేదు." మడత విప్పి, ముందు నేలను రెండుసార్లు తట్టి, మూడో రోజుకి తలుపు వెనక పెట్టేసినవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. మొదటి నెలలో నేనూ పెట్టేశాను.

ఈ ఊళ్లలో ఫుట్‌పాత్ ఉండదు, ఉంటే దాని మీద బండి ఉంటుంది. అందుకే కిందివన్నీ మన రోడ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. శిక్షకుడు దొరికితే తప్పకుండా నేర్చుకోండి. దొరకకపోతే చూపున్న మనిషిని నాలుగడుగుల వెనక నడవమని చెప్పి మొదలుపెట్టండి. ఆయన చెయ్యి పట్టుకోకూడదు, ప్రమాదం కనబడితేనే "ఆగు" అనాలి.

1. ముందు కర్ర మీకు సరిపోతుందో లేదో చూసుకోండి

చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడండి. కర్రను పక్కనే నిలువుగా పెడితే పిడి పైభాగం రొమ్ము మధ్య ఎముక దాకా రావాలి. అడుగు పెద్దగా వేసేవాళ్లకీ, వేగంగా నడిచేవాళ్లకీ ఇంకాస్త పొడవు కావాలి. కొందరు గడ్డం దాకా వచ్చేది వాడతారు. నడుము దాకానే వచ్చేది మాత్రం పనికిరాదు. కర్ర పొట్టిదైతే గుంత ఉందని తెలిసేసరికి కాలు అందులోనే ఉంటుంది.

నాకు మొదటి కర్ర ఒక శిబిరంలో ఇచ్చారు. అందరికీ ఒకే సైజు. వంగి నడిచి నడిచి నడుము నొప్పి వచ్చింది, తప్పు నాదే అనుకున్నాను. మీరు అలా అనుకోకండి, కొలత అడగండి. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రం ఆదిప్ పథకం కింద అర్హులకు కర్రలు ఉచితంగా ఇస్తారు. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఉంటే పని సులువవుతుంది.

మొన సంగతి. సన్న మొన నున్నటి నేల మీద బాగుంటుంది గానీ మన రోడ్ల పగుళ్లలో ప్రతి పది అడుగులకీ ఇరుక్కుంటుంది. గుండ్రంగా తిరిగే రోలర్ మొన కొంచెం బరువు, మణికట్టు ముందుగా అలసిపోతుంది. అయినా బరంపురం పాత బజారు సందులకు నా ఓటు దానికే.

బయటికి వెళ్లేముందు చూసుకోవాల్సినవి:

- మడతలన్నీ పూర్తిగా బిగిశాయా? ఒక్కో అతుకునూ చేత్తో లాగి చూడండి.
- లోపలి సాగే తాడు వదులైందా? వదులైతే నడిరోడ్డు మీద కర్ర విడిపోతుంది.
- మొన ఒకవైపే అరిగిందా? అరిగితే మార్చండి. జేబులో ఒక స్పేర్ ఉంచుకోండి.
- కర్ర మీద మెరిసే టేపు ఉందా? సాయంత్రం డ్రైవరుకు ముందు కనబడేది అదే.
- కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో ఉన్నాయా? హవాయి చెప్పులు వద్దు.
- ఫోన్ చార్జింగ్ ఉందా? బ్యాగు భుజానికి తగిలించారా? కర్ర పట్టని చెయ్యి ఖాళీగా ఉండాలి.

2. పట్టు, ఊపు, అడుగు

పిడిని కరచాలనం చేసినట్టు పట్టుకోండి. చూపుడువేలు కర్ర వెంట కిందికి చాచి ఉండాలి. నేల ఎలాంటిదో ముందు ఆ వేలికే తెలుస్తుంది. చెయ్యి బొడ్డుకు ఎదురుగా, శరీరానికి కాస్త ముందు ఉండాలి.

ఊపు మణికట్టు నుంచి రావాలి, భుజం కదలకూడదు. మొన ఎడమ భుజానికి రెండంగుళాలు అవతల నుంచి కుడి భుజానికి రెండంగుళాలు అవతల దాకా తిరగాలి. అంతకన్నా వెడల్పయితే జనం కాళ్లకు తగులుతుంది. తగ్గితే మీ భుజం స్తంభానికి తగులుతుంది.

ఇక అడుగు. కుడికాలు ముందుకు వేసేటప్పుడు మొన ఎడమవైపు ఉండాలి, ఎడమకాలు వేసేటప్పుడు కుడివైపు. మొన ఒకవైపు తాకి చూసిన చోటికి ఆ వైపు కాలు తరువాతి అడుగులో వస్తుంది. లయ తప్పితే చూడని చోట కాలు పెడుతున్నట్టే. తప్పిందనిపిస్తే ఆగి మళ్లీ మొదలుపెట్టండి, నడుస్తూ సర్దుకోవాలని చూడకండి.

మొనను రెండు వైపులా తాకిస్తూ మధ్యలో అంగుళం ఎత్తున పోనివ్వడం ఒక పద్ధతి. నేలను వదలకుండా ఈడ్చడం రెండోది. మొదటిది తేలిక, చప్పుడు బాగా వినిపిస్తుంది. కాలవలు, పగుళ్లు ఉన్నచోట రెండోదే నమ్మకం.

గుంపులో, గుడి వరసలో, బస్టాండులో పెన్ను పట్టినట్టు పట్టి కర్రను దాదాపు నిలువుగా, దగ్గరగా తెచ్చుకోండి. ఊపు చిన్నది, అడుగు చిన్నది.

నడక కన్నా ముందు ఆగడం నేర్చుకోండి. ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. కర్ర మీకిచ్చే హెచ్చరిక ఒక్క అడుగు, మహా అయితే రెండు. ఆ లోపల ఆగలేకపోతే కర్ర ఉన్నా లేనట్టే. పొద్దున్నే స్కూలు గ్రౌండులోనో గుడి ప్రాకారంలోనో ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టించుకుని దాని వైపు నడవండి. మొన తగిలిన క్షణంలో ఆగాలి, ఆ తరువాతి అడుగు పడకూడదు. పదిసార్లలో పదిసార్లూ ఆగేదాకా రోడ్డెక్కకండి. నాకు ఇది పట్టుబడేసరికి రెండు వారాలు పట్టింది.

ఎక్కువమంది చేసే తప్పులు:

- చెయ్యి పక్కకు జారడం. కుడిచేతివాళ్లకు అది కుడికి జరిగిపోతుంది, ఎడమవైపు ఖాళీ అవుతుంది. మోచేతిని నడుముకు ఆనించి సరిచేసుకోండి.
- పిడిని పొట్టకు ఆనించడం. మొన పగులులో ఇరుక్కుంటే పిడి పొట్టలో పొడుస్తుంది. ఇరుక్కున్నప్పుడు మోచెయ్యి వెనక్కి మడతపడేంత వదులుగా పట్టుకోండి.
- మొనను పైకెత్తడం. కుక్క మొరిగినప్పుడు అందరం చేస్తాం. కర్ర ఎత్తితే కుక్క ఇంకా రెచ్చిపోతుంది. మొన నేల మీదే ఉంచి, నిలబడి, అది తగ్గాక కదలండి.

3. దారిని ముందే చదువుకోండి

కొత్త దారిలో మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. చూపున్న మనిషితో రెండుసార్లు నడవండి: ఒకసారి వెళ్తూ, ఒకసారి వస్తూ. తిరిగొచ్చే దారి వేరే దారి లాంటిదే, అన్నీ రెండో చేతి వైపుకు మారిపోతాయి.

గుర్తులు రెండు రకాలు. కదలనివి: గుడి మెట్టు, ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్ మనే చప్పుడు, తారు రోడ్డు పోయి సిమెంటు రోడ్డు వచ్చేచోటు, వాలు. వచ్చిపోయేవి: బరా (గారెలు) వేగే నూనె వాసన, పాన్ షాపు రేడియో, అప్పడాలు ఆరబెట్టిన ఇంటి దగ్గరి ఇంగువ ఘాటు. రెండోరకం వాటిని నమ్మి మలుపు తిరగకండి. గేట్ బజారు వైపు ఒక టిఫిన్ బండిని నమ్ముకుని వెళ్లేవాణ్ని. ఆయన పెళ్లికి ఊరెళ్లిన రోజు నేను రెండు సందులు దాటి పోయాను.

ఏ అంచు పట్టుకుని నడవాలో ముందే తేల్చుకోండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపు నడిస్తే ఎదురొచ్చే బండి చప్పుడు ముందు నుంచి వినబడుతుంది, డ్రైవరుకు కర్ర కూడా కనబడుతుంది. మామూలుగా అదే మంచిది. కానీ కుడివైపంతా లోతు కాలవ అయితే, ఎడమవైపు ఇళ్ల అరుగులు వరసగా ఉంటే నేను ఎడమే పట్టుకుంటాను. మొనతో అరుగును ఒకసారి, రోడ్డును ఒకసారి తాకుతూ పోతే దారి తప్పదు.

4. కాలవలు

మన ఊళ్లలో కర్ర పట్టినవాళ్ల కాళ్లు విరిగేది బండ్ల వల్ల కన్నా కాలవల వల్లే ఎక్కువని నా నమ్మకం. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మొన ఉన్నట్టుండి కిందికి జారితే వెంటనే రెండు కాళ్లూ నేల మీద ఉంచి నిలబడండి. బరువు మడమల మీద వేయండి. ఆ తరువాత ఈ వరసలో చేయండి:

1. మొనతో ఇవతలి అంచును కుడికీ ఎడమకీ గీయండి. కాలవ ఏ దిశలో పోతోందో తెలుస్తుంది.
2. మొనను లోపలికి దించి లోతు చూడండి.
3. కర్ర ముందుకు చాచి అవతలి అంచు వెతకండి. చెయ్యి పూర్తిగా చాచకుండా అందితేనే దాటే వెడల్పు. అందకపోతే దాటకండి, కాలవ మీద కప్పిన పలక కోసం పక్కకు జరగండి.
4. అవతలి అంచు మీద మూడుచోట్ల తట్టండి. మట్టి అయితే జారవచ్చు, రాయి అయితే శబ్దం గట్టిగా వస్తుంది.
5. కాలవకు ఎదురుగా తిరిగి, మొనను అవతల ఉంచి, ఆ మొన దగ్గరికే కాలు వేయండి. ఏటవాలుగా దాటకండి.

పలకలు ఉన్నాయి కదా అని ధైర్యపడకండి. రెండు పలకల మధ్య ఒకటి లేకపోవడం మనకు మామూలే. పలకల వరస మీద నడుస్తుంటే కర్రను ఈడ్చే పద్ధతిలోకి మారండి. కొత్త పలక మీద ముందు మొనతో గట్టిగా నొక్కండి. డొల్ల చప్పుడుతో పాటు కదలిక ఉంటే అది ఊగే పలక. తప్పనిసరైతే బరువు వెనక కాలి మీదే ఉంచి ముందు కాలితో అదిమి చూడండి. తప్పించుకునే వీలుంటే రోడ్డు వైపుకు దిగి పోండి.

వాన నీళ్లు నిలిచిన రోజు లెక్క వేరు. రోడ్డూ కాలవా ఒకటైపోతాయి. కర్ర లోతు చెబుతుంది గానీ నీటి లాగుడుకు మొన పక్కకు పోతుంది, మీరు అంచు అనుకున్నది అంచు కాదు. నీళ్లు చీలమండ దాటితే నేను కాలవ ఉన్న రోడ్డు మీద అడుగు పెట్టను. ఏదో ఒక దుకాణం అరుగు మీద కూర్చుంటాను.

5. కర్రకు అందనివి

కర్ర నేలనూ మోకాలి ఎత్తునూ చూస్తుంది. ఛాతీ, ముఖం సంగతి దానికి తెలియదు.

నిలిపిన లారీని తీసుకోండి. మొన దాని కిందికి హాయిగా దూరిపోతుంది, వెనక తలుపు మీ ముఖానికి తగులుతుంది. స్టాండు వేసిన మోటారు సైకిలు కిందా అంతే, హ్యాండిలు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. కరెంటు స్తంభం నుంచి ఏటవాలుగా దిగే స్టే వైరు, దుకాణం ముందు కట్టిన టార్పాలిన్ తాడు, తోపుడు బండి కర్రలు, సగం దించిన షట్టరు కూడా ఇలాంటివే.

చేయాల్సింది: ముందున్న గాలి ఆగినట్టో, ఇంజను వేడి తగిలినట్టో, రోడ్డు చప్పుడు ఒకవైపు మూసుకుపోయినట్టో అనిపిస్తే వేగం తగ్గించండి. ఖాళీ చేతిని మడిచి, ముంజేతిని ముఖానికి జానెడు ముందు అడ్డంగా, అరచెయ్యి బయటికి ఉండేలా పట్టుకోండి. ఆ భంగిమలో పది పన్నెండడుగులు వేయండి. ఊరంతా అలా నడవలేరు, చెయ్యి నొప్పి పుడుతుంది. అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే తాళ్లూ కొమ్మలూ ముందు దానికే తగులుతాయి. నాకు అది బాగా పనికొచ్చింది, మా ఆవిడ నవ్వినా సరే.

ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది. పిడికి తగిలించే ఆ పరికరం శబ్ద తరంగాలతో మోకాలి పైన ఉన్న అడ్డంకిని దాదాపు 3 మీటర్ల దాకా పసిగట్టి చేతిలో కంపిస్తుంది. లారీ వెనక తలుపు విషయంలో మంచి సాయం. గుంతలు, కాలవలు మాత్రం అది చెప్పదు, వాటికి కింది మొనే దిక్కు. బజారు రద్దీలో అది ఆగకుండా కంపిస్తూనే ఉంటుంది, నేనైతే అక్కడ ఆపేస్తాను.

పడుకున్న ఆవుకు కర్ర తగిలితే రెండోసారి తట్టకండి. ఒక అడుగు వెనక్కి వేసి, కర్ర పొడవంత దూరం ఇచ్చి చుట్టూ పోండి. వెళ్లే పక్కన బండ్లు వస్తున్నాయేమో ముందు వినండి.

6. రోడ్డు దాటడం

సందు చివర గోడ అయిపోయిందని కర్ర చెప్పగానే ఒక అడుగు వెనక్కి వేసి నిలబడండి. కర్రను నిలువుగా, అందరికీ కనబడేలా ముందు పట్టుకోండి.

సిగ్నల్ ఉన్నచోట ఒక పూర్తి వంతు ఊరికే వినండి. మీ ముందు అడ్డంగా పోయే బండ్లు ఆగి, మీ పక్కన మీరు వెళ్లే దిశలో పోయే బండ్లు ఒక్కసారిగా కదిలిన చప్పుడు వచ్చినప్పుడు బయలుదేరండి. ఆ కదలిక మొదలుతోనే దిగాలి. సగంలో ఉన్నప్పుడు దిగితే సమయం చాలదు. మలుపు తిరిగే బండి మాత్రం ఎప్పుడైనా రావచ్చు, చెవి అటు వేసి ఉంచండి.

సిగ్నల్ లేనిచోట పూర్తి నిశ్శబ్దం కోసం చూడాలి. ఇక్కడ చిక్కు ఈ-రిక్షాలది. అవి పక్కకు వచ్చేదాకా వినబడవు. దూరంగా ఒక బుల్లెట్ పోతుంటే దాని మోత తగ్గేదాకా ఆగండి, ఆ మోత కింద ఇంకో బండి దాక్కుంటుంది.

దిగాక అదే వేగంతో, తిన్నగా నడవండి. హారన్ కొడితే ఉలిక్కిపడి వెనక్కి ఉరకకండి. మీరు ఎటు వెళ్తారో అంచనా వేసుకుని డ్రైవరు పక్కకు తిప్పుతాడు, మీరు దిశ మారిస్తే ఆ అంచనా తప్పుతుంది.

16వ నంబరు జాతీయ రహదారిని ఒంటరిగా దాటకండి. ఇందులో ధైర్యం చూపించాల్సిందేమీ లేదు. రైల్వే గేటు మూసి ఉంటే పక్కనుంచి దూరేవాళ్ల వెంట పోకండి. హౌరా–చెన్నై లైను మీద ఒక రైలు పోయిందంటే అవతలి పట్టాల మీద ఇంకోటి రాదని కాదు, మొదటిదాని మోతలో రెండోది వినబడదు.

7. సాయం అడిగేటప్పుడు

బరంపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగు చాలావరకు నడుస్తుంది. లోపలి ఊళ్లలోనూ బస్సులోనూ ఈ నాలుగు ఒడియా ముక్కలు నోటికి రావాలి:

- "భాఇ, మోతే టికిఏ రాస్తా పార్ కరేఇ దేబే?" అంటే కాస్త రోడ్డు దాటిస్తారా అని.
- "మో హాత ధరంతుని, ముఁ ఆపణంక హాత ధరిబి." నా చెయ్యి పట్టుకోకండి, నేనే మీ చెయ్యి పట్టుకుంటాను.
- "ఆగరే గాత అఛి కి?" ముందు గుంత ఉందా?
- "ఏఇ బస్ కేఉఁఠికి జిబ?" ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది?

జవాబులో బాఁ అంటే ఎడమ, డాహాణ అంటే కుడి, రుహంతు అంటే ఆగండి.

రెండో వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. సాయం చేసేవాళ్లు మంచి మనసుతోనే కర్ర పట్టిన చేతిని లాగుతారు, దాంతో మీకున్న ఒక్క కన్నూ మూసినట్టవుతుంది. మీరే వాళ్ల మోచేతికి పైన పట్టుకుని అర అడుగు వెనక నడవండి. వాళ్ల శరీరం దిగితే మీకు మెట్టు తెలుస్తుంది.

బస్సు దిగేముందు కండక్టరుకు రెండు మాటలు చెప్పండి: "కాలవ పక్కన ఆపొద్దు బాబూ, రెండడుగులు ముందుకు పోనీ." దిగేటప్పుడు మొన నేలకు తగిలాకే కాలు దించాలి. ఆటో దిగగానే డబ్బుల కోసం తడుముకోకుండా, ముందు కర్ర విప్పి ఏ వైపు అంచు ఉందో తేల్చుకోండి.

8. జాతర రోజులు, తుపాను రోజులు

బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణీ జాతర వచ్చినప్పుడు వీధులు మనకు తెలిసిన వీధులు కావు. పందిళ్లకు వెదురు గుంజలు పాతుతారు, రథాలు నిలబెడతారు, డప్పుల మోతలో చెవి పనిచేయదు. ఆ రోజుల్లో మామూలు దారిని లెక్కలోంచి తీసేసి, తోడుతో వెళ్లండి. లేదా డప్పులు మొదలయ్యేలోపు పొద్దున్నే పని ముగించుకోండి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తితిలీ గజపతి జిల్లాను ముంచింది. మనకు అక్టోబరు అంటేనే టెన్షన్. గాలివాన తరువాత చెట్లతో పాటు తీగలూ నేల మీద పడి ఉంటాయి. మన కర్రల్లో ఎక్కువభాగం అల్యూమినియంవి, కరెంటు పారుతుంది. అందుకే విద్యుత్ సిబ్బంది దారి సరిచేశారని నమ్మకమైన మనిషి చెప్పేదాకా గడప దాటకండి. కర్రకు తీగలాంటిది ఏదైనా తగిలిందనిపిస్తే ఏమిటా అని తట్టి చూడకండి, వచ్చిన అడుగుల్లోనే చిన్నగా వెనక్కి రండి.

9. దారి తప్పితే

కదలకండి. కంగారులో రెండుసార్లు తిరిగితే దిక్కు కూడా పోతుంది. కర్రతో దగ్గరి అంచు ఏదో వెతికి దానికి వీపు ఆనించండి. చివరిగా గుర్తున్న గుర్తు ఏమిటో, దాని తరువాత ఎన్ని మలుపులు తిరిగారో గుర్తు తెచ్చుకోండి.

ఎవరినైనా అడిగేటప్పుడు "నేను ఎక్కడున్నాను" అనకండి, "అదిగో అక్కడ" అని చెయ్యి చూపిస్తారు. "నా వీపు వెనక ఉన్న దుకాణం ఏది? గుడి నా ఎడమచేతి వైపా, కుడిచేతి వైపా?" అని అడగండి. ఎవరూ లేకపోతే ఇంటికి ఫోన్ చేసి వాట్సాప్‌లో లొకేషన్ పంపండి. దెబ్బ తగిలితే 112.

ఇంటికి చేరాక కర్ర మొన కడిగి, అతుకుల్లో ఇసుక దులిపి, విప్పి గోడకు ఆనించి ఆరనివ్వండి. తడిగా మడిస్తే లోపలి తాడు త్వరగా కుళ్లిపోతుంది.